మెగిద్దోకి ఒక పూటైనా ఉంచుకోండి

పరిశుద్ధ భూమి యాత్రకు వెళ్లే మనవాళ్ల బస్సులు ఇజ్రాయెల్‌లోని పాత నగర శిథిలాల దిబ్బ మెగిద్దో దగ్గర ఆగుతాయి గానీ, చాలావరకు ఎక్కువసేపు నిలవవు. మా గ్రూపుకీ ముప్పావుగంటే ఇచ్చారు. గైడ్ కొండ అంచున నిలబెట్టి, కింద పరుచుకున్న యెజ్రెయేలు మైదానం చూపించి, చివరి యుద్ధానికి రాజులు హార్‌మెగిద్దోనులో కూడతారని చెప్పే బైబిల్ ప్రకటన గ్రంథం 16వ అధ్యాయం చదివించి, ఫొటోలు దిగి బస్సెక్కమన్నాడు. అంత దూరం వెళ్లి అంతే చూసి రావడం నాకు మనసొప్పలేదు. గ్రూపు యాత్ర ముగిశాక నేనూ మా ఆవిడా నజరేతులో ఉండిపోయి, కారు అద్దెకు తీసుకుని మళ్లీ వెళ్లాం.

నజరేతు పాతబస్తీలో రాతి ఇళ్లను బసలుగా మార్చారు. ఎత్తైన కప్పులు, మందమైన గోడలు, పొద్దున్నే కమ్మటి టిఫిన్. సందులు ఇరుకు కాబట్టి సామాను మోసుకుంటూ నడవాల్సిందే. పెద్ద హోటళ్లలో లిఫ్టు, పార్కింగ్ ఉంటాయి, పెద్దవాళ్లకు అవే నయం. భోజనానికి ఇబ్బంది లేదు, ఫలాఫెల్ (శనగల వడలు), హమ్మస్ (శనగల ముద్ద), వేడి రొట్టెలతో శాకాహారులకూ కడుపు నిండుతుంది. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు. శనివారం దేశంలో చాలాచోట్ల బస్సులు తిరగవు. అందుకే కారు మేలు. బస్సులో వస్తే మెగిద్దో కూడలి నుంచి ఎండలో నడవాలి.

మన పల్లెల్లో పాటిదిబ్బ అంటామే, మెగిద్దో అలాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ఇరవైకి పైగా ఊళ్లు ఒకదాని మీద ఒకటి లేచి కూలి ఇంత ఎత్తయింది. ఈజిప్టు నుంచి సిరియా వైపు వెళ్లే దారి కొండల్లోంచి మైదానంలోకి దిగేది ఇక్కడే. అందుకే దీని కోసం అన్ని యుద్ధాలు. క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఫరో (ఈజిప్టు రాజు) మూడో తుత్మోస్ ఈ ఊరిని ముట్టడించి గెలిచి, ఆ వృత్తాంతాన్ని ఈజిప్టులోని కర్నాక్ గుడి గోడల మీద చెక్కించాడు. క్రీ.పూ. 609లో ఫరో నెకో చేతిలో యూదా రాజు యోషీయా చనిపోయిందీ ఇక్కడే. 1918లో ఇంగ్లీషు సేనాని అలెన్‌బీ టర్కీ సైన్యాన్ని ఓడించిన పోరాటానికీ మెగిద్దో పేరే పెట్టారు. జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో (బల్లేలు పట్టిన గుర్రపు దళాలతో) పాటు మన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఆ దండయాత్రలో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికుల గుర్తుగా నిలిపినవే.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు తవ్విన లోతైన గొయ్యి. 1925 నుంచి 1939 దాకా వాళ్లు తవ్వారు. మొదట్లో దిబ్బ మొత్తాన్ని పొరపొరగా ఎత్తేద్దామనుకున్నారు, తర్వాత విరమించుకున్నారు. పైనుంచి తొంగిచూస్తే అడుగున గుండ్రటి రాతి బలిపీఠం కనిపిస్తుంది. అడ్డం సుమారు 8 మీటర్లు, ఒక పక్క ఎక్కడానికి మెట్లు. చుట్టూ జంతువుల ఎముకలు దొరికాయట. బైబిల్లోని ఇశ్రాయేలు రాజు సొలొమోనుకు వెయ్యేళ్లకు పైగా ముందుది! గైడ్ మమ్మల్ని దీని దగ్గరికి తీసుకురానే లేదు.

దారికి రెండు పక్కలా మూడేసి గదులున్న కోట ద్వారం దగ్గర మాత్రం బైబిల్ తెరిచి పెట్టుకోండి. సొలొమోను హాసోరును, మెగిద్దోను, గెజెరును కట్టించాడని 1 రాజులు 9:15 చెబుతోంది. మూడు చోట్లా ఇలాంటి ద్వారాలే బయటపడటంతో ఇవి ఆయన కట్టించినవేనని ఇజ్రాయెల్ పురావస్తు శాస్త్రవేత్త యిగాయెల్ యాదిన్ వాదించాడు. 1994 నుంచి ఇక్కడ తవ్వకాలు నడిపించిన వాళ్లలో ఒకరైన ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్ మాత్రం, ఇవి దాదాపు వందేళ్ల తర్వాత, సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలినప్పటి ఉత్తర రాజ్యపు రాజుల కాలంలో కట్టినవంటాడు. గుర్రపు శాలలని చెప్పే కట్టడాల మీదా ఇదే గొడవ. విశ్వాసికి ఇది వినడం కష్టమే. కానీ ఈ వాదన తెలియకుండా ఆ రాళ్లు చూస్తే సగమే చూసినట్టని నా అభిప్రాయం.

నీటి సొరంగం చివరికి ఉంచుకోండి. ఊట కోట గోడ బయట ఉండేది. ముట్టడి వేళ శత్రువుకు చిక్కకుండా నీళ్లు తెచ్చుకోవాలని పెద్ద బావిలా కిందికి తొలిచి, అక్కడి నుంచి ఊట దాకా బండలో సొరంగం తవ్వారు. దాదాపు 180 మెట్లు దిగాలి. పైన ఎండ మాడుస్తున్నా లోపల చల్లగా, తేమగా ఉంటుంది. బయటికి వచ్చే దారి దిబ్బకు అవతలి పక్క తేలుతుంది, అక్కడి నుంచి చుట్టూ తిరిగి కారు దగ్గరికి నడవాలి. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఆమె చేసిందే మంచి పని.

మెగిద్దో, హాసోరు, బెయేర్షెబా మూడింటినీ కలిపి 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. హాసోరు మెగిద్దో కన్నా చాలా పెద్దది, కానీ దూరం. ఒక్కదానికే సమయం ఉంటే నా ఓటు మెగిద్దోకే. ఉదయం 8 గంటలకు తెరుస్తారు, చలికాలంలో 4కే మూసేస్తారు, శుక్రవారం ఇంకో గంట ముందే. వేసవిలో టోపీ, నీళ్లు తప్పనిసరి. టికెట్లు కొనేముందు అక్కడి పరిస్థితులపై మన విదేశాంగ శాఖ సూచనలు చూసుకోండి. గ్రూపుతో వెళ్తుంటే మెగిద్దోకి ఎన్ని గంటలు ఇస్తారో డబ్బు కట్టకముందే అడిగి రాయించుకోండి.