పాత వాక్‌మన్ మరమ్మతు: ఊళ్లోని మెకానిక్ మేలా, దూరాన ఉన్న నిపుణుడు మేలా?

సోనీ సంస్థ తొలి వాక్‌మన్‌ను 1979 జులై 1న జపాన్‌లో విడుదల చేసింది. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో మన ఇళ్లకు చేరిన క్యాసెట్ యంత్రాల్లో చాలావరకు ఇప్పుడు బీరువాల్లో మూగబోయి ఉన్నాయి. మా ఇంట్లో ఉన్నది మా మేనమామ గల్ఫ్ నుంచి తెచ్చినది. ఆయన ఉత్తరాలకు బదులుగా మాట్లాడి పంపిన నాలుగు క్యాసెట్లు కూడా నా దగ్గరే ఉన్నాయి కనుక, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది నాకు చాలా పెద్ద ప్రశ్న అయింది.

ట్రాన్సిస్టర్ రేడియో, టూ-ఇన్-వన్ వంటి వాటికైతే ఊళ్లోని రేడియో మెకానిక్‌ను మించినవారు లేరని నా నమ్మకం. వాటిలో చేయి ఆడేంత చోటు ఉంటుంది, బెల్టు లావుగా ఉంటుంది, గరగరలాడే వాల్యూమ్ కంట్రోల్‌ను శుభ్రం చేయడం, తెగిన డయల్ దారం కట్టడం ఆయనకు చిన్ననాటి నుంచి చేతికి వచ్చిన పనులు. కావలసిన విడిభాగం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. పని మన కళ్లెదుటే జరుగుతుంది, ఖర్చూ తక్కువే.

వాక్‌మన్ సంగతి వేరు. క్యాసెట్ కంటే కాస్త పెద్దదైన పెట్టెలో మోటారు, టేపు వేగాన్ని నిలకడగా ఉంచే ఫ్లైవీల్ అనే చక్రం, దారమంత సన్నని బెల్టు, సర్క్యూట్ బోర్డు అన్నీ ఒకదానిమీద ఒకటి సర్ది ఉంటాయి. నేను మొదట ఇచ్చిన దుకాణంలో కొలతకు దగ్గరగా ఉన్న బెల్టు ఒకటి వేసి, తమకు బాగా తెలిసిన పాట పెట్టుకుని, చెవితో వింటూనే వేగం సరిచేశారు. యంత్రం తిరిగింది. కానీ ఇంటికి తెచ్చి మామయ్య క్యాసెట్ పెట్టి వింటే, "ఒరేయ్ చిన్నోడా, అన్నం తిన్నావురా?" అన్న ఆ బొంగురు గొంతు ఎవరో కుర్రవాడిదిలా వినిపించింది.

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. నిపుణులు 3000 హెర్ట్జ్ ధ్వని నమోదైన టేపును ఆడించి, మీటరులో చూసి ఈ వేగాన్ని సరిచేస్తారు. తరువాత నేను కొరియర్‌లో పంపినప్పుడు, వాక్‌మన్లు మాత్రమే బాగుచేసే ఆ నిపుణుడికి మీటరు 3090 చూపించింది. అంటే మూడు శాతం ఎక్కువ, సంగీత పరిభాషలో దాదాపు అర స్వరస్థానం. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. బెల్టు మరీ బిగువుగా ఉండి మోటారు మీద భారం పడుతోందని, కరెంటును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలైన కెపాసిటర్ల నుంచి కారిన ద్రవం బోర్డు మీది రాగి దారులను తినేస్తోందని కూడా ఆయన గుర్తించారు. 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన యంత్రాల్లో ఈ కెపాసిటర్ జబ్బు తరచుగా కనిపిస్తుంది. బెల్టు మార్చినంత మాత్రాన అది నయం కాదు.

అయినా ప్రతి వాక్‌మన్‌నూ నిపుణుడికే పంపమని నేను చెప్పను. నెలల తరబడి వేచి ఉండాలి, రానుపోను కొరియర్ ఖర్చు భరించాలి, విదేశానికి పంపితే కస్టమ్స్ చిక్కులూ ఎదురవుతాయి. మామూలు మోడల్ అయి, దానితో అనుబంధమేమీ లేకపోతే అంత శ్రమ దండగ. సోనీ వారి డబ్ల్యూఎం-డీ6సీ వంటి మేలు రకం వాక్‌మన్‌కు, నడిమి ప్లాస్టిక్ గేరు పగిలి టక్ టక్‌మనే సోనీ డీడీ శ్రేణి వాక్‌మన్లకు మాత్రం నిపుణుడే సరి. ఆ గేరును అంతకుముందు విప్పి చూసిన చేయి కావాలి.

కొత్త ప్లేయర్ కొనడం మూడో దారి. ఫియో సంస్థ 2024లో తెచ్చిన సీపీ13 వంటివి ఉన్నాయి. టేపులో ఉన్నది వినడమే ముఖ్యమైతే అది చాలు. కానీ అందులో టేపు సొదను తగ్గించే డాల్బీ అనే ఏర్పాటు లేదు కనుక, డాల్బీతో రికార్డు చేసిన టేపులు అసలు స్వరంతో వినిపించవు.

ఎవరికి ఇచ్చినా ముందు మూడు సంగతులు అడగండి: వేగాన్ని దేనితో కొలుస్తారు, కెపాసిటర్లు పరీక్షిస్తారా, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు వాలును సరిచేస్తారా. హెడ్డు ఒరిగితే పై స్వరాలు మసకబారి, మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటుంది. వీటికి సూటిగా జవాబు చెప్పిన మెకానిక్ మీ వీధిలోనే ఉంటే, దూరం పంపే పనే లేదు. పంపక తప్పకపోతే, బ్యాటరీలు తీసేసి, మీ క్యాసెట్‌ను ఇంట్లోనే ఉంచుకుని, ఉత్త యంత్రాన్నే పంపండి. పరీక్షకు వాళ్ల దగ్గర వేరే టేపులు ఉంటాయి.