కుక్కలను తరిమే యంత్రం: మార్కులన్నీ టార్చికే

749 రూపాయల ఈ యంత్రం అరచేతిలో ఇమిడిపోతుంది. ముందు చిల్లుల మూత, దాని పక్కన చిన్న టార్చి, బొటనవేలికి అందేలా ఒక మీట. మీటను ఒక వైపు తోస్తే వెలుతురు వస్తుంది, రెండో వైపు తోస్తే మన చెవికి వినపడని శబ్దం. బ్యాటరీ పెట్టెలో రాదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీని విడిగా కొనుక్కోవాలని ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

కొన్నది మా తమ్ముడు. కర్నూలులో కేసీ కాలువ గట్టు మీద తెల్లవారకముందే పరుగుకు వెళ్తున్నానని తెలిసినప్పటి నుంచి వాడికి నిద్ర కరువైంది. "అక్కా, ఇది చేతిలో లేకుండా గడప దాటవద్దు" అని పంపించాడు.

నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. అందుకని కుక్కల జోలికి పోకముందే యంత్రాన్ని పరీక్షించాను. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, వయసు మీద పడేకొద్దీ ఆ హద్దు తగ్గుతుంది. కుక్క సుమారు 45,000 దాకా వినగలదు. మనకు వినపడని ఆ మధ్య భాగంలోనే ఈ యంత్రం అరుస్తుంది. చిక్కేమిటంటే, అరుస్తోందో లేదో వాడేవాళ్లకు తెలియదు. మీట తోయగానే ఎర్ర దీపం వెలుగుతుంది. బ్యాటరీ ఉందని అది చెబుతుంది తప్ప శబ్దం బయటికి వస్తోందని కాదు. ఫోనులో పౌనఃపున్యాన్ని గీతగా చూపే యాప్ పెట్టి చూస్తే 20,000 దాటాక ఒక సన్నని శిఖరం లేచింది. సరే, అరుస్తోంది. తరగతిలో కూడా ఒకసారి మీట తోశాను. చివరి బెంచీలో ఒకడు చెవులు మూసుకుని బాధ నటించాడు, మిగతావాళ్లు వాణ్ణే నమ్మారు.

అట్ట మీద 120 డెసిబెల్స్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎంత దూరంలో కొలిచారో చెప్పని డెసిబెల్ అంకెకు అర్థం లేదు. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. పైగా మన చెవికి అందని ఇలాంటి శబ్దాలను, అంటే అతిధ్వనులను, గాలి త్వరగా మింగేస్తుంది. అవి చుట్టూ పరుచుకోకుండా చాలావరకు సూటిగా పోతాయి, కాబట్టి కుక్క పక్కనుంచి వస్తే చెయ్యి తిప్పి గురిపెట్టాలి. పరుగులో ఉన్న మనిషికి అది కుదిరే పనేనా?

ఇక అసలు పరీక్ష. కుక్కలు ఎదకు వచ్చే చిత్తకార్తె అక్టోబరులో వస్తుంది. కుక్కకు చూలు రెండు నెలలు. లెక్క ప్రకారం డిసెంబరు చివరికి గట్ల వెంట, కల్వర్టుల కింద పిల్లలు కనిపించాలి. ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పే సంగతే ఇది, యంత్రం చేసినవాళ్లకే తెలిసినట్టు లేదు. జనవరిలో ఇక్కడ ఆరున్నర దాటితే గాని సూర్యుడు రాడు. వినాయక ఘాట్ దాటి కొంత దూరం పోయాక, ఒక తూము పక్కనుంచి ఎర్ర ఆడకుక్క మొరగకుండా వచ్చింది. మొరిగేవాటికి అలవాటు పడ్డాను, మొరగనిదాన్ని చూస్తే గొంతు ఎండిపోయింది. మీట తోశాను. అది ఆగింది, చెవులు వెనక్కి వాల్చింది. వెళ్లిపోతుందనుకుంటే పళ్లు బయటపెట్టి నాకూ తూముకూ మధ్య అడ్డంగా నిలబడింది. లోపల పిల్లలను వదిలి తల్లి ఎక్కడికి పోతుంది? నేను మీట వదలలేదు, దాని గుర్రు పెరిగింది. గట్టు కింద గేదెలు తోలుకొస్తున్న పెద్దాయన కేకేశాడు: "అమ్మా, చెయ్యి దించండి. పరుగెత్తకండి. దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా వెనక్కి నడవండి." అలాగే నడిచాను. కొన్ని అడుగులు పోయేసరికి అది తూములోకి వెళ్లిపోయింది.

యంత్రానికి అన్యాయం చేయకూడదు. ఆటగా వెంటపడే కుర్ర కుక్కలు దీనికి ఉలిక్కిపడి ఆగాయి. రోజూ ఎదురయ్యే నల్లకుక్క ఒకటుంది, చెవి కొన కత్తిరించి ఉంటుంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదిలినది. మొదట్లో పక్కకు తప్పుకునేది. తర్వాత తర్వాత నేను మీట తోస్తే ఆవులించడం మొదలుపెట్టింది. గుంపుగా వస్తే సరేసరి, ఒకదానికి గురిపెట్టేలోగా మిగతావి వెనక చేరతాయి.

యంత్రం పని చేసిందనుకున్న ప్రతిసారీ, మీట తోయడానికి నేను ఆగాను. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం, ఆగితే చాలావాటికి ఆసక్తి పోతుంది. అనుమానం వచ్చి కొన్నాళ్లు దీన్ని జేబులోనే ఉంచి ఊరికే ఆగి చూశాను. ఫలితంలో తేడా కనిపించలేదు. ఇది పద్ధతి ప్రకారం చేసిన ప్రయోగం కాదు లెండి, కుక్కలు రెండు జట్లుగా నిలబడడానికి ఒప్పుకోలేదు.

పెట్టెలో వచ్చిన కాగితం నాలుగు భాషల్లో ఉంది, వాటిలో తెలుగు లేదు. అసలు ఉండవలసిన మాట ఏ భాషలోనూ లేదు. కుక్క కరిచినా, గోళ్లతో గీరినా, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ వేయించుకోవాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా అవసరం. కరిచిన కుక్క మామూలుగానే కనిపిస్తోంది కదా అని ఆగకూడదు. "సంపూర్ణ రక్షణ" అని అట్ట మీద అచ్చువేసినవాళ్లకు ఈ ఐదు వాక్యాలకు చోటు దొరకలేదు.

టార్చి మాత్రం బాగుంది. దీపాలు లేని చోట గట్టు మీది గుంతలు, రాళ్లు ముందే కనిపిస్తాయి. మణికట్టు పట్టీ చెమటకు సాగిపోయింది, దాని బదులు బూటు లేసు కట్టుకున్నాను. ఐదుకు రెండు మార్కులు వేస్తున్నాను, రెండూ టార్చికే. వెలుతురు ఒక్కటే కావలసినవాళ్లు ఇంతకంటే చాలా తక్కువ ధరకు మామూలు టార్చి కొనుక్కోవచ్చు.