శాన్ హోసేలో జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీలు: నాలుగు రోజులు గ్యాలరీలో కూర్చుని చూశాక

"స్కేటింగ్ టీవీలోనే బాగా కనిపిస్తుంది కదా, అంత డబ్బు పెట్టి వెళ్ళాలా?" అని మా ఆఫీసులో చాలామంది అడిగారు. వెళ్ళాలి. అయితే పతకాల కోసం పోటీపడే చివరి ఆరుగురి కోసమే వెళితే మాత్రం టికెట్ డబ్బుల్లో సగం వృథా అయినట్టే. ప్రాక్టీసు నుంచి, మొదటి గ్రూపు నుంచి కూర్చుంటేనే ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. ఇది నేను నాలుగు రోజులు కూర్చుని తెలుసుకున్న మాట.

2023 జనవరి 23 నుంచి 29 దాకా అమెరికా జాతీయ పోటీలు కాలిఫోర్నియాలో శాన్ హోసేలోని ఎస్ఏపీ సెంటర్‌లో జరిగాయి. మేముండేది సన్నీవేల్‌లో. మా అమ్మాయికి అప్పుడు పదేళ్ళు, అప్పటికి రెండేళ్ళుగా స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఆ చలికాలం తెనాలి నుంచి అమ్మ కూడా వచ్చి మా దగ్గరే ఉంది. తెనాలిలో ముప్పై ఏళ్ళు టైలరింగ్ షాపు నడిపిన మనిషి. "ఆ మంచులో నేనెందుకే, మీరిద్దరూ వెళ్ళి రండి" అంది. మనవరాలు పట్టుబడితే బయల్దేరింది.

వెళ్ళడం చాలా సులువు. కారు ఇంట్లో వదిలేసి కాల్‌ట్రెయిన్ ఎక్కితే డిరిడాన్ స్టేషన్‌లో దింపుతుంది, స్టేషన్ దాటి రోడ్డుకి అవతల చూస్తే స్టేడియమే. లోపల మాత్రం చలి. బయట స్వెట్టర్ చాలు, లోపల నాలుగైదు గంటలు కదలకుండా కూర్చోవాలి కాబట్టి మందపాటి మేజోళ్ళు, ఒళ్ళో వేసుకోవడానికి ఒక దుప్పటి తప్పనిసరి. పాదాలు చల్లబడ్డాక ఎంత గొప్ప జంప్ చూసినా మనసు దాని మీద నిలవదు.

గురువారం పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్ళాం. మా టికెట్‌తోనే లోపలికి రానిచ్చారు. గ్యాలరీ దాదాపు ఖాళీ, ఇష్టమైన చోట కూర్చోవచ్చు. మేం గోడ పక్కన మూడో వరసలో కూర్చున్నాం. టీవీలో మనకి ఎప్పుడూ తెలియని రెండు విషయాలు అక్కడ తెలుస్తాయి. ఒకటి వేగం, రెండోది శబ్దం. ఒకమ్మాయి మా ముందు నుంచి వెనక్కి స్కేట్ చేస్తూ వెళ్ళినప్పుడు చల్లగాలి ముఖానికి కొట్టింది. బాగా స్కేట్ చేసేవాళ్ళ బ్లేడు చప్పుడు లోతుగా ఉంటుంది, పట్టుచీర చింపుతున్నట్టు నిడివిగా ఒకే 'ర్ర్ర్' అని వస్తుంది. అంతగా రానివాళ్ళ బ్లేడు గీరుకున్నట్టు వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని కూడా తేడా చెప్పొచ్చు. మా అమ్మాయి నిజంగానే కళ్ళు మూసుకుని కాసేపు ఆ ఆట ఆడింది.

ప్రాక్టీసులో ఒక పద్ధతి ఉంది. ఎవరి పాట మోగుతుంటే వాళ్ళకి మిగతావాళ్ళు దారివ్వాలి. ఐదారుగురు ఒకే మంచు మీద అంత వేగంతో తిరుగుతుంటే, ఒకరి పాట రాగానే మిగతావాళ్ళు చూసుకుని పక్కకి తప్పుకుంటారు. ఎవరూ ఎవరినీ కసరరు. ఒకమ్మాయి ఒకే జంప్‌కి వరసగా ఏడుసార్లు పడింది. నేను లెక్కపెట్టాను. పడ్డ ప్రతిసారీ ఎడమ తుంటి మీద మంచు పొడి తెల్లగా అంటుకునేది, చేత్తో దులుపుకుని మళ్ళీ వెళ్ళేది. ఏడోసారి లేచి గోడ దగ్గరికొచ్చి, నీళ్ళు తాగి, కుడి బూటు లేసు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది. కోచ్ ఏదో రెండు మాటలు అన్నాడు. ఎనిమిదోసారి నిలబడింది. అక్కడున్న కొద్దిమందీ చప్పట్లు కొట్టారు. సాయంత్రం పోటీలో అదే జంప్ నిలిచినప్పుడు మా అమ్మాయి సీట్లోంచి లేచి అరిచింది. టీవీలో చూసేవాళ్ళకి అది పట్టికలో ఒక గడి, అంతే. మాకు పొద్దున్నుంచీ ఎదురుచూసిన జంప్.

అమ్మకి జంప్‌ల పేర్లు తెలియవు. ఆమె చూసింది బట్టల్ని. బైనాక్యులర్స్ పెట్టుకుని, "చంక కింద చూడవే, ఎక్కడా బిగుతు లేదు. చెయ్యి నెత్తి మీదకెత్తినా నడుం దగ్గర గుడ్డ లేవట్లేదు" అంది. ఒంటి రంగు నెట్ గుడ్డ మీద రాళ్ళు అంటించి ఉంటే, అసలు గుడ్డే లేనట్టు కనిపిస్తుందని కూడా కనిపెట్టింది. రాళ్ళు కుట్టారా, అంటించారా అన్నది ఆ రోజంతా ఆమె చర్చ. తెనాలి వెళ్ళేముందు మనవరాలికి ఒక ప్రాక్టీసు డ్రెస్సు కుట్టిపెట్టింది, చంకలో నాలుగు పలకల ముక్క వేసి. ఐస్ డాన్స్‌లో, అంటే ఇద్దరు జంటగా మంచు మీద డాన్స్ చేసే పోటీలో, మాడిసన్ చాక్ తమ జంట దుస్తులు తనే డిజైన్ చేస్తుందని నేను చెప్పాక, శనివారం ఆ జంట వచ్చేదాకా అమ్మ టీ కోసం కూడా లేవలేదు. నిప్పు, గాలి ఇతివృత్తంగా చేసిన ఆ ఫ్రీ డాన్స్ చూసి, "పావడా తిరిగేటప్పుడు బరువు కిందికి లాగాలి గానీ కాళ్ళకి చుట్టుకోకూడదు. ఆ పిల్లకి ఆ లెక్క తెలుసు" అని తేల్చింది. చాక్, ఇవాన్ బేట్స్‌లకి అది నాలుగో జాతీయ టైటిల్.

ఇప్పుడు సీట్ల సంగతి. మొదటి సాయంత్రానికి నేను ఒక రీసేల్ వెబ్‌సైట్‌లో టికెట్లు కొన్నాను. అడ్డం ఏమీ లేదని రాసి ఉంది. వెళ్ళి కూర్చుంటే మా ముందే కెమెరా నిలబెట్టిన ఎత్తు వేదిక. రింకులో ఒక మూల మాకు అసలు కనిపించలేదు. లుట్జ్ జంప్‌కి స్కేటర్లు పొడవుగా వంపు తిరిగి సరిగ్గా అలాంటి మూలకే వెళతారు, ఆ సాయంత్రం చాలా జంప్‌లు సగమే చూశాం. ఫిర్యాదు చేస్తే రెండు వారాలకి జవాబొచ్చింది, డబ్బు రాలేదు. పిల్ల ఏమీ అనలేదు గానీ నాకు చాలా బాధనిపించింది. అందుకని చెబుతున్నా, కొనే ముందు ఆ సీటు ముందు కెమెరా ఉంటుందా అని అడిగి తెలుసుకోండి. మిగతా రోజులకి ఒరిజినల్ టికెట్లే ఉన్నాయి, జడ్జీల వైపు, పొడుగు పక్కన, పదిహేనో వరస దగ్గర. స్కేటర్లు ముఖం చూపించేది జడ్జీల వైపే కాబట్టి ఆ పక్కన కూర్చుంటే హావభావాలు కనిపిస్తాయి. ఆ ఎత్తు నుంచి మంచు మీద వాళ్ళు గీసే గీతలూ కనిపిస్తాయి. మరీ కింద కూర్చుంటే వేగం తెలుస్తుంది గానీ ఆ గీతలు తెలియవు.

ఆ పదిహేనో వరసలో మా పక్క సీటు ఒక పెద్దావిడది. ఏటా ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరికి వెళుతుందట. ఒళ్ళో అల్లిక, మెళ్ళో బైనాక్యులర్స్. 1996లో ఇదే స్టేడియంలో రూడీ గలిండో గెలిచినప్పుడు కూడా ఉందట. శాన్ హోసే కుర్రాడే, అక్క లారానే కోచ్, వయసు 26, గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. చెబుతుంటే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. అమ్మకి ఇంగ్లిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా లుట్జ్ ఎలా గుర్తుపట్టాలో అరచెయ్యి వంచి అమ్మకి నేర్పింది: దూకే ముందు పాదం బయటి అంచు మీదే ఉండాలి, లోపలికి ఒరిగితే అది లుట్జ్ కాదు. శుక్రవారం సాయంత్రానికి అమ్మ, "ఇది ఒరిగింది" అని నాకంటే ముందే చెప్పేస్తోంది.

లోపల కామెంటరీ ఉండదు. పేరు, ఊరు చెబుతారు, తర్వాత పాట, తర్వాత మార్కులు. అందుకే నాలుగు విషయాలు ముందే తెలుసుకుని వెళ్ళడం మంచిది. ఒక్కొక్కరూ రెండుసార్లు స్కేట్ చేస్తారు, రెండిటి మార్కులూ కలుపుతారు: షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ స్కేట్ 4 నిమిషాలు, అటూ ఇటూ ఓ పది సెకన్లు. పడితే కనీసం ఒక మార్కు కోత, జంప్ విలువలో పోయేది వేరే. ప్రోగ్రామ్ చివర్లో చేసే జంప్‌లకి పది శాతం ఎక్కువ విలువ, అలసిపోయాక చేస్తారు కాబట్టి. యాక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ దూకేది, అందుకే దానికి అరచుట్టు ఎక్కువ. ఇంత తెలిస్తే చాలు, మిగతాది కళ్ళకే అర్థమవుతుంది.

మహిళల పోటీ నాకు అన్నిటికన్నా నచ్చింది. షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి ఇసబో లెవిటో 73.78, బ్రేడీ టెనెల్ 73.76. తేడా 0.02! లెవిటోకి 15 ఏళ్ళు. టెనెల్ అంతకుముందే రెండుసార్లు చాంపియన్, గాయంతో ఏడాదికి పైగా పోగొట్టుకుని తిరిగొచ్చిన మనిషి. శుక్రవారం రాత్రి ఫ్రీ స్కేట్ ముందు హాలంతా టెన్షన్. లెవిటో 223.33తో గెలిచింది. ఆ పిల్ల స్కేట్ చేస్తుంటే బ్లేడు చప్పుడే లేదు. పైన చెప్పానే, ఆ నిడివి 'ర్ర్ర్' కూడా లేదు. పాట తప్ప ఏమీ వినిపించలేదు. మూడో స్థానం ఆంబర్ గ్లెన్‌ది. నాలుగో స్థానం స్టార్ ఆండ్రూస్‌ది. ఈ పోటీల్లో నాలుగో స్థానానికి కూడా పతకమిస్తారు, ప్యూటర్ అని, ఎక్కువగా తగరంతో చేసే లోహం. ఈ పోటీల్లో ఒక నల్లజాతి మహిళకి పతకం రావడం 1988లో డెబీ థామస్ తర్వాత అదే మొదటిసారి. ఆమె పేరు పిలిచినప్పుడు పక్క సీటు పెద్దావిడ అల్లిక కింద పడేసి నిలబడింది.

జంటల పోటీ గురించి ఎక్కువ చెప్పలేను. అలెక్సా నీరిమ్, బ్రాండన్ ఫ్రేజియర్ గెలిచారు. అతను ఆమెని అంత దూరం విసిరినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

ఆదివారం పురుషుల ఫ్రీ స్కేట్. ఇలియా మాలినిన్ అంటే అప్పటికే పిల్లలకి పిచ్చి. 2022 సెప్టెంబర్‌లో లేక్ ప్లాసిడ్‌లో క్వాడ్ యాక్సెల్‌ని, అంటే గాల్లో నాలుగున్నర చుట్లని, పోటీలో ప్రపంచంలోనే మొదటిసారి నిలబెట్టిన కుర్రాడు. ఆ రోజు అతని ప్రోగ్రామ్ నున్నగా సాగలేదు. అయినా షార్ట్ ప్రోగ్రామ్‌లో సంపాదించుకున్న ఆధిక్యం ఉంది, మొత్తం 287.74తో గెలిచాడు. నా మనసు దోచింది మాత్రం జేసన్ బ్రౌన్. ఒక్క క్వాడ్ (నాలుగు చుట్ల జంప్) కూడా లేకుండా 277.31 తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచాడు. చివరి స్పిన్ ఇంకా అవ్వకముందే జనం లేచారు. గాయాల తర్వాత తిరిగొచ్చిన ఆండ్రూ టోర్గాషెవ్ ఆ రోజు ఫ్రీ స్కేట్‌లో ఆ ఇద్దరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుని మూడో స్థానానికి ఎగబాకాడు.

నాలుగో స్థానం మాక్సిమ్ నౌమోవ్‌ది. అమ్మానాన్నలే కోచ్‌లు, ఒకప్పటి ప్రపంచ చాంపియన్లు. రెండేళ్ళ తర్వాత, 2025 జనవరి 29న, విచిటాలో జరిగిన జాతీయ పోటీల తర్వాత తిరిగొస్తూ ఆ ఇద్దరూ వాషింగ్టన్ దగ్గర విమాన ప్రమాదంలో పోయారు. ఆ వార్త చదివిన రాత్రి అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "ఆ పిల్లాడు మనం చూసినవాడేనా?" అని అడిగింది. 2026లో సెయింట్ లూయిస్‌లో అతను మూడో స్థానంలో నిలిచి ఒలింపిక్ టీమ్‌కి ఎంపికైనప్పుడు నేనే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

తిండి విషయం: మధ్యాహ్నం సెషన్‌కీ సాయంత్రం సెషన్‌కీ మధ్య ఖాళీ ఉంటే, పది పన్నెండు నిమిషాలు నడిస్తే శాన్ పెడ్రో స్క్వేర్ మార్కెట్ వస్తుంది. మేం రోజూ అక్కడే తిన్నాం, కాళ్ళు ఆడినట్టూ ఉంటుంది.

ఈ పోటీలు ఏటా ఊరు మారతాయి. మీ ఊరి దగ్గరికొస్తే, ఒక్క రోజు మాత్రమే కుదిరితే, ఫైనల్ రోజు కాకుండా మహిళల షార్ట్ ప్రోగ్రామ్ రోజు ఎంచుకోండి. పొద్దున ప్రాక్టీసు చూసి, సాయంత్రం మొదటి గ్రూపు వార్మప్‌కి ముందే సీట్లో ఉండండి. ఆరు నిమిషాల వార్మప్‌లో ఆరుగురూ ఒకేసారి మంచు మీదకొస్తారు. పొద్దున మీరు చూసినమ్మాయి అందులో ఎక్కడుందో వెతుక్కోండి.