దేవగిరి ఎక్కి బొమ్మలు చూడబోతే: ముంబైలో ఎనిమిదేళ్ల అనుభవం

నేను మహారాష్ట్రలోని ధర్మాబాద్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మా సరిహద్దు ఊళ్లలో అందరిదీ అదే కథ. 2016లో మొదలుపెట్టి, కరోనా రెండేళ్లు తీసేస్తే, ఎనిమిదేళ్లుగా ఏడాదికి మూడు నాలుగు సార్లు శుక్రవారం సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై పోతున్నాను. శనివారం బొమ్మలు, ఆదివారం పాటలు, రాత్రికి మళ్లీ అదే రైలు. సోమవారం ఒక సెలవు పోతుంది. వర్లీలో మా అక్క ఉంటుంది, బావ వాళ్ల నాన్న బట్టల మిల్లులో పనికొచ్చి అక్కడే ఉండిపోయారు. పడుకోవడానికి చోటు ఉండబట్టే ఇదంతా కుదిరింది, ఆ మాట ముందే చెప్పాలి. మిగతా ఖర్చులో పెద్దది స్లీపర్ టికెట్టే.

ఒక్కచోటికే పోయే వీలుంటే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీకి పోండి. సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దిగి ఇరవై నిమిషాలు నడిస్తే వస్తుంది. 1952 నుంచి ఉంది, టికెట్ లేదు, పదకొండింటికి తెరుస్తారు. మొదటిసారి గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాను. లోపల ఇంగ్లీషులో ఏమన్నా అడుగుతారేమోనని టెన్షన్. ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ ప్రదర్శనలు దాదాపు వారానికొకటి మారుతుంటాయి. బొమ్మ గీసిన మనిషే చాలాసార్లు పక్కన కుర్చీలో కూర్చుని ఉంటారు. నన్ను మళ్లీ మళ్లీ అక్కడికి లాగేది అదే.

2019 చలికాలంలో ఒక హాల్లో మిర్చి కల్లం బొమ్మ కనిపించింది. ఎర్రటి కుప్పలు, మధ్యలో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గీసినాయన విదర్భ మనిషి. పక్కకొచ్చి ఏం చూస్తున్నారని మరాఠీలో అడిగారు. తొడిమలు పచ్చగా ఉన్నాయండీ అన్నాను. కాయ అంత ఎండాక తొడిమ పచ్చగా ఉండదు, ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. కాయ కూడా నల్లెరుపు అవుతుంది, ముడతల అంచున మాత్రం మెరుపు మిగులుతుంది. రోజూ బస్తాలు విప్పి చూసేవాణ్ని, నాకు తెలిసింది చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, చిన్న నోటుపుస్తకంలో పెన్సిల్‌తో కాయ గీసి, తొడిమ ఎక్కడ వంగుతుందో మీరే గీయండని పెన్సిల్ నా చేతికిచ్చారు. గీశాను. బొమ్మల గురించి చదువుకున్న వాళ్లకే అక్కడ పని అన్న భయం ఆ రోజుతో పోయింది.

రోడ్డు దాటితే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్. 1911 నాటి సభామందిరాన్ని 1996లో గ్యాలరీగా తెరిచారు. నేను ఇచ్చిన టికెట్ ఇరవై రూపాయలు. సోమవారం సెలవు. లోపల గుండ్రంగా తిరిగే అంతస్తులు ఎక్కుతూ పోతే పైన గుమ్మటం కింద తేలతాం. అన్నీ చూడాలని పరుగెత్తకండి. నేను మూడు బొమ్మలు ఎంచుకుని, ఒక్కోదాని ముందు పావుగంట నిలబడతాను. మొదటి ఐదు నిమిషాల్లో కనపడనిది పదో నిమిషంలో కనపడుతుంది.

కొలాబా, ఫోర్ట్ సందుల్లో ప్రైవేటు గ్యాలరీలు చాలా ఉన్నాయి. తలుపులు మూసి ఉన్నట్టే కనిపిస్తాయి కానీ నెట్టుకుని లోపలికి పోవచ్చు, డబ్బు అడగరు. ఆదివారం చాలావరకు మూసేస్తారు కాబట్టి శనివారమే చూసుకోవాలి. అలాంటి ఒకచోట తోట వైకుంఠం గారి బొమ్మ ఎదురైంది. పెద్ద బొట్టు, నల్లటి మేను, మండిపోయే రంగు చీర. కరీంనగర్ వైపు పల్లెటూరి ఆడమనిషి ముంబై గోడ మీద నిలబడి ఉంది! అడిగి ఫొటో తీసుకుని ఇంటికెళ్లాక అవ్వకు చూపించాను. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసి, "ఈమె ఎవరింటి కోడలురా?" అంది.

ఇక పాట. ప్రభాదేవిలో రవీంద్ర నాట్య మందిర్ ఆవరణలో, పంచమ్ నిషాద్ సంస్థ వాళ్లు ప్రాతఃస్వర్ పేరుతో పెట్టిన ఉచిత కచేరీకి అక్క నన్ను తెల్లవారుజామునే లేపి తీసుకుపోయింది. అప్పటిదాకా హిందుస్తానీ సంగీతం నేను ఫోన్లో విన్నదే. గంట తరువాత గంట రాగం నడుస్తుంటే పిట్టల చప్పుడు కూడా అందులోనే కలిసిపోయింది. పొద్దుటి రాగాన్ని పొద్దున్నే ఎందుకు పాడతారో ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలిసింది. నారిమన్ పాయింట్‌లో 1969లో ఏర్పడిన ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్)లో కూడా యువ గాయకుల ఉచిత కచేరీలు విన్నాను. పేరున్న వాళ్ల టికెట్లు మాత్రం నా జేబుకు అందవు.

ఒక చేదు అనుభవం కూడా ఉంది. ఇంకో సభాభవనం దగ్గర "ముందొచ్చిన వాళ్లకు ముందు" అని రాస్తే, గంటన్నర ముందే వెళ్లి లైన్లో నిలబడ్డాం. తలుపు తీశాక, సగం సీట్లు పాసులున్న వాళ్లకేనన్నారు. మా ముందు నలుగురి దగ్గర లైను ఆగిపోయింది. అక్కకు మోకాళ్ల నొప్పులు. ఆ కోపం నాకింకా పోలేదు. ఉచితం అన్నప్పుడు ఎన్ని సీట్లు ఉచితమో కూడా రాయాలి కదా.

జనవరి, ఫిబ్రవరి రోజుల్లో తొమ్మిది రోజులు జహంగీర్ గ్యాలరీ చుట్టుపక్కల జరిగే కాలా ఘోడా కళల పండుగ 1999లో మొదలైంది, ప్రవేశం ఉచితం. పేరు నల్ల గుర్రం మీద వచ్చింది. ఆ గుర్రం మీద కూర్చున్న బ్రిటిష్ రాజు ఏడో ఎడ్వర్డ్ విగ్రహాన్ని 1965లో బైకుల్లాకు తరలించారు, 2017లో రౌతు లేని కొత్త గుర్రాన్ని పెట్టారు. శని, ఆదివారాలు సాయంత్రం పోతే జనం వీపులే కనపడతాయి. సెలవు దొరికితే మంగళవారమో బుధవారమో పోండి, బొమ్మలు చూడటానికీ పాట వినడానికీ చోటుంటుంది.

వచ్చే నెల మా దుకాణంలో హమాలీ చేసే ఆయన కొడుకును వెంట తీసుకుపోతున్నాను. పదమూడేళ్లు. ఖాళీ బస్తాల మీద బొగ్గుతో ఎద్దుల్ని గీస్తాడు, కాళ్లు నేల మీద ఆనినట్టే ఉంటాయి. టికెట్లు తీశాను, వాడికి కింది బెర్తు. వాళ్ల నాన్న ఒక్కటే అడిగాడు, లోపలికి రానిస్తారా అని. రానిస్తారు అన్నాను.