గుర్రాల ట్రెయిలర్‌కు 12 వోల్టుల మిస్ట్ ఫ్యాన్ కిట్: పొడి ఎండకు సరే, ఉక్కపోతకు కాదు

రెండు ఫ్యాన్లు, చిన్న పంపు, నాలుగు నాజిళ్లు. మే నెలలో హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే ట్రెయిలర్‌కు ఈ కిట్ నిజంగా పనికొస్తుంది. అక్కడి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి సన్నటి తుంపర వెంటనే ఆవిరై చల్లబరుస్తుంది. నెల్లూరు వైపు తేమగాలిలో మాత్రం పంపు ఆపి, ఫ్యాన్లు మాత్రమే నడపాలి. లేకపోతే లోపలంతా ఉక్క.

అన్నీ నడిస్తే 8 ఆంపియర్లు తీసుకుంటుంది. 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం వరకే వాడాలి, అంటే ఆరు గంటలు. అంతకు మించిన ప్రయాణమైతే బండి ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) నుంచి ఛార్జింగ్ లైను తప్పనిసరి.

తుంపర కళ్లలోకి, ముక్కులోకి కాకుండా మెడ, ఛాతీ మీద పడేలా బిగించండి. వైర్లు పైపులోంచి లాగకపోతే గుర్రం కొరికేస్తుంది. నేల తడిస్తే గిట్టలు జారతాయి, రబ్బరు మ్యాట్ వేయండి.

బోరు నీళ్ల సున్నంతో నాజిళ్లు పూడుకుపోతాయి. ఫిల్టర్ ఇవ్వకపోవడం పెద్ద లోపం. పూడిన నాజిళ్లను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాలి.

ఈ కిట్ ఉంది కదా అని ఎండలో బండి ఆపకండి. మూడు, నాలుగు గంటలకోసారి నీడలో ఆపి నీళ్లు పెట్టండి. గుర్రం గుదంలో పెట్టిన థర్మామీటరు 40 డిగ్రీల సెల్సియస్ దాటితే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేయండి. తడిగుడ్డ కప్పకండి, అది వేడిని పట్టి ఉంచుతుంది.