బూజు పట్టిన పెళ్లి క్యాసెట్: ఇంట్లో తుడవడమా, షాపుకివ్వడమా?

మా వేళచ్చేరి ఇంట్లో అటక సర్దుతుంటే మూడు వీహెచ్ఎస్ క్యాసెట్లు దొరికాయి. ఒకటి అక్క పెళ్లిది, మిగతా రెండూ టీవీలోంచి రికార్డు చేసిన సినిమాలు. వెలుతురులో పట్టి చూస్తే రీలు అంచున బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఫంగస్. "ఒకసారి వేసి చూడరా" అంది అమ్మ. ససేమిరా అన్నాను. అలాగే ఆడిస్తే ఆ పొడి వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి పట్టేసి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుతుంది. కొత్త వీసీఆర్ల తయారీ 2016లోనే ఆగిపోయింది. ఉన్నది పోతే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో పాతదాని కోసం వెతుక్కోవాలి.

ఏ దారి పట్టినా ముందు ఆరబెట్టాల్సిందే. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకి పండగే, మన చెన్నైలో అది మామూలే. తడిగా ఉన్న బూజుని తుడిస్తే టేపంతా పులుముకుంటుంది. గట్టి మూతున్న డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి కొన్ని రోజులుంచితే పొడిలా రాలుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు.

ఇంట్లో తుడవడానికి ఖర్చు తక్కువ: స్క్రూడ్రైవరు, నూగు రాలని గుడ్డ, ఎన్95 మాస్కు. మాస్కు లేకుండా బాల్కనీలో కూర్చున్నా లాభం లేదు. మొండి మచ్చకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దాలి. శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లుంటాయి. అసలు చిక్కు ఓపిక దగ్గరే. మూడు గంటల క్యాసెట్లో దాదాపు 250 మీటర్ల టేపుంటుంది. సినిమా క్యాసెట్ ఒకటి విప్పి, చేత్తో తిప్పుతూ తుడిచాను. పావు వంతు అయ్యేసరికి గుడ్డ బూడిదరంగుకి తిరిగింది, ఒకచోట టేపు మడత కూడా పడింది.

షాపుకి డబ్బులెక్కువ, పైగా అందరూ ఒకేలా చేయరు. ఒకాయన "తెండి సార్, వేసేద్దాం" అన్నాడు. వెనక్కి వచ్చేశాను. ఇంకో చోట, మిషన్లో పెట్టేముందు విప్పి శుభ్రం చేస్తామనీ, ఫంగస్ క్యాసెట్లకి వేరే మిషన్ ఉందనీ చెప్పారు. ఆ మాట వినే ఒప్పుకున్నాను.

పోయినా ఏడవని క్యాసెట్లయితే ఇంట్లోనే కానివ్వండి, చెయ్యి తిరుగుతుంది. పెళ్లిది మాత్రం షాపుకే. ప్రస్తుతం అది సిలికా జెల్ డబ్బాలో ఉంది. మూత తీయొద్దని అమ్మకి రోజూ చెబుతూనే ఉన్నాను.