పంజా సెంటర్‌లో కుట్టిన బ్యాగు, గుల్మార్గ్ మంచులో పన్నెండు రోజులు

ఈ షాపుకి బోర్డు లేదు. పేరేంటని అడిగితే "బ్యాగులు కుట్టే షాపంటే ఎవరైనా చెప్తార్లే బాబూ" అన్నారు, అక్కడ కుట్టే బాబాయ్. విజయవాడ వన్ టౌన్‌లో పంజా సెంటర్ నుంచి కాళేశ్వరరావు మార్కెట్ వైపు వెళ్తుంటే ఒక సందు మొదట్లో, మెట్ల కింద కుట్టు మిషను, దాని వెనక గోడకి తబలా కవర్లు, క్రికెట్ కిట్ బ్యాగులు, బండి సీటు కవర్లు వేలాడుతూ కనిపిస్తాయి. అదే షాపు. అక్కడ 2,850 రూపాయలకి నా పాత కెమెరా బ్యాగు మార్పించుకుని, బ్యాటరీల కోసం చేతుల్లేని చొక్కా ఒకటి కుట్టించుకున్నాను. రెండూ పోయిన ఫిబ్రవరిలో పన్నెండు రోజులు గుల్మార్గ్ మంచులో పనిచేసి వచ్చాయి. ఎక్కడ ఆదుకున్నాయో, ఎక్కడ ఇబ్బంది పెట్టాయో రాస్తున్నాను.

ముందు నా సంగతి. సత్యనారాయణపురంలో ఉంటాను, పదమూడేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాను. "పెళ్లి వీడియోలు తీసే మీకు మంచుకొండల్లో పనేంటండీ" అని మా ఆవిడ కూడా అడిగింది. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన తమ్ముడొకడు బయటి దేశాల నుంచి వచ్చిన ఒక స్కీయింగ్ బృందానికి షూటింగ్ పనులు చూస్తున్నాడు. వాళ్లకి రెండో కెమెరాకి మనిషి కావాల్సి వచ్చాడు. స్కీయింగ్ రానక్కర్లేదు. ఎదురు గట్టు మీద పెద్ద లెన్సు పెట్టుకుని కూర్చుని, దూసుకొచ్చే మనిషిని ఫోకస్ పోకుండా పట్టుకుంటే చాలు. బరాత్‌లో చీకట్లో గెంతే పెళ్లికొడుకు స్నేహితుల్ని ఇన్నేళ్లు పట్టుకున్న చెయ్యే కదా అని ఒప్పేసుకున్నాను.

ఈ స్కీయర్లు జెండాల మధ్య మెలికలు తిరుగుతూ టైము కోసం పోటీపడే రకం కాదు. ఎవరూ తొక్కని మంచులో, దారంటూ లేని వాలు ఎంచుకుని, మధ్యలో బండ అడ్డొస్తే దాని మీద నుంచే దూకి దిగుతారు. అదే వాళ్ల వృత్తి, ఆ వీడియోలే వాళ్లకి అన్నం పెట్టేవి. తీసేవాళ్లకి మాత్రం రెండో టేకు ఉండదు. పెళ్లిలో దండలు సరిగ్గా పడకపోతే "బాబూ, ఇంకోసారి వెయ్యండి, ఇటు చూడండి" అంటాం. ఇక్కడ మనిషి ఒకసారి దిగాడంటే మంచు మీద గీత పడిపోతుంది. మళ్లీ కొత్త మంచు కురిసేదాకా ఆ వాలు పనికిరాదు. పన్నెండు సెకన్ల దిగుడు కోసం రెండు గంటలు కూర్చోవాలి. ఆ పన్నెండు సెకన్లలో బ్యాటరీ పోతే మొహం ఎక్కడ పెట్టుకోను?

పోతుంది కూడా. లిథియం బ్యాటరీకి చలి పడదు. లోపల జరగాల్సిన రసాయన చర్య మందగించి, ఛార్జి ఉండి కూడా కరెంటు ఇవ్వదు. అందుకని విడి బ్యాటరీలు ఒంటికి ఆనించుకుని తిరగాలి. ఇలాంటి కొండల కోసమే చేసిన కెమెరా బ్యాగులు ఆన్‌లైన్‌లో చూశాను. నాకు నచ్చింది 30,000 దాటింది. నాకు వచ్చే డబ్బులకీ దానికీ పొంతన లేదు. పాత బ్యాగు భుజాన వేసుకుని వన్ టౌన్‌కి వెళ్లాను.

"ఎంత చలి ఉంటది?" అన్నారు బాబాయ్.

"మైనస్ పదిహేను దాకా పోతుందంటున్నారు బాబాయ్."

"అంటే?"

మన దగ్గర జనవరిలో తెల్లారుజామున పదిహేడు డిగ్రీలొస్తేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఎలా చెప్పను? "ఐస్‌క్రీమ్ షాపులో డీప్ ఫ్రీజర్ లోపల ఎంతుంటుందో అంత" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. రెక్సిన్ ముక్క, స్పాంజి ముక్క, ట్రావెల్ బ్యాగులకి వాడే నైలాన్ గుడ్డ, బెల్టు నవారు రెండు ముక్కలు, రెండు రకాల జిప్పులు కత్తిరించి కవర్లో వేశారు. నవారు ముక్కల్లో ఒకదాన్ని మాత్రం మంచినీళ్ల చెంబులో ముంచి తీశారు. "మంచంటే నీళ్లేగా" అన్నారు. కుర్రాడిని పిలిచి, మూల మీద ఐస్‌క్రీమ్ షాపులో ఇచ్చి రాత్రంతా లోపలే ఉంచమని చెప్పి రమ్మన్నారు.

మర్నాడు పదకొండింటికి వెళ్లేసరికి కవరు అప్పుడే వచ్చింది. రెక్సిన్ ముక్కని రెండు వేళ్లతో మడిచారు. అప్పడంలా పటుక్కుమంది. స్పాంజి అట్టముక్కలా బిగుసుకుంది. నైలాన్ గుడ్డకి ఏమీ కాలేదు. పొడి నవారు వంగింది, తడి నవారు పుల్లలా నిలబడింది. సన్న పళ్ల జిప్పు రన్నర్ కదల్లేదు, లావు పళ్లది కదిలింది. ఆ పుల్లలాంటి నవారుతో బల్ల మీద టకటకా కొడుతూ కాసేపు ఆలోచించి, నీళ్లు పీల్చని రకం నవారు తెప్పిస్తానన్నారు. నేను చెప్పకుండానే రెక్సిన్ అంచులన్నీ విప్పేసి నైలాన్ వేశారు. ఇంతవరకు ఏ షాపువాడూ నా పని కోసం ఇంత చెయ్యలేదు.

గ్లవుజులు తియ్యకుండా జిప్పు లాగాలి అన్నప్పుడు ఇంకా సరదా అయింది. మంచు గ్లవుజులు విజయవాడలో ఎక్కడ దొరుకుతాయి? ఆయన చేతులకి ఒక్కోదానికి రెండేసి సాక్సులు తొడుక్కుని కూర్చున్నారు. రన్నర్‌కున్న చిన్న ఇనుప నాలిక చేతికి చిక్కలేదు. దాన్ని తీసేసి బూటు లేసుతో పెద్ద ఉచ్చు కట్టి, చివర బొటనవేలంత ముడి వేశారు. సాక్సులతోనే పదిసార్లు లాగి చూశారు. ఆ ముడులు ఒక్కటి కూడా నన్ను మోసం చెయ్యలేదు.

నల్ల నైలాన్ అయిపోయిందని బ్యాగు పై భాగానికి నారింజ రంగు గుడ్డ వేశారు. స్కూలు పిల్లల రెయిన్‌కోటులా ఉందని గొణుక్కున్నాను. అక్కడికెళ్లాక గైడు మెచ్చుకున్నాడు, దూరం నుంచి మనిషి కనిపిస్తాడని. మెయిన్ కెమెరా ఆయన మాత్రం తన వైడ్ షాట్లన్నింట్లో గట్టు మీద నారింజ చుక్క ఒకటి పడుతోందని రెండు రోజులు తిట్టుకున్నాడు. మూడో రోజు నుంచి బ్యాగు మీద హోటల్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

చొక్కా గురించి ఒక హెచ్చరిక. విడి లిథియం బ్యాటరీలు విమానంలో లగేజీలో వెయ్యనివ్వరు, చేత్తోనే తీసుకెళ్లాలి. నేను తెలివిగా చొక్కా తొడుక్కుని, ఎనిమిది జేబుల్లో ఎనిమిది బ్యాటరీలు పెట్టుకుని గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. సెక్యూరిటీ దగ్గర జాకెట్ తీసేసరికి నా అవతారం చూసి ఎవరికైనా గుండె జారాల్సిందే. వాళ్ల తప్పేం లేదు. మీరు చొక్కా మడిచి, బ్యాటరీలు విడిగా కవర్లో పెట్టి తీసుకెళ్లండి.

శ్రీనగర్‌లో దిగితే ఫోన్ మూగబోయింది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచెయ్యదని అప్పుడు గుర్తొచ్చింది. తంగ్‌మార్గ్ దగ్గర టైర్లకి గొలుసులు కట్టిన బండి ఎక్కి గుల్మార్గ్ చేరాం. పొద్దున్నే గొండోలా, అంటే తీగ మీద నడిచే రోప్‌వే పెట్టె, ఎక్కితే మొదటి మజిలీ కొంగ్‌డోరి, రెండోది అఫర్వట్ కొండ భుజం మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో దింపుతుంది. అక్కడి నుంచి మంచులో దిగబడని వెడల్పాటి బూట్లు కట్టుకుని గైడు వెనకాల గట్టు దాకా నడక. ఇంద్రకీలాద్రి మెట్లు ఒక్క ఊపున ఎక్కేవాణ్ని, అక్కడ ఇరవై అడుగులకి ఒకసారి నిలబడ్డాను.

ఇక అసలు దెబ్బ. గొండోలా దాటాక గైడు అందరి బీకన్లూ పరీక్షిస్తాడు. బీకన్ అంటే ఛాతీకి కట్టుకునే చిన్న రేడియో పెట్టె. 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతూ ఉంటుంది. మంచు చరియ కింద ఎవరైనా పడితే మిగతావాళ్లు తమ బీకన్‌తో ఆ సిగ్నల్ పట్టుకుని తవ్వుతారు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే చరియలు ఎక్కువగా జారతాయి. స్కీయర్లకి కావాల్సిందీ సరిగ్గా ఆ వాలే. కూరుకుపోయిన మనిషికి మొదటి పది పదిహేను నిమిషాలే ఆయువు. అందుకని ఈ పరీక్ష దగ్గర గైడు నవ్వడు, నవ్వనివ్వడు.

నా జాకెట్ తీయించి చొక్కా చూశాడు. జేబుల మూతలకి బాబాయ్ ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులకి వేసే మ్యాగ్నెట్ గుండీలు వేశారు. ఒంటి చేత్తో తెరవొచ్చు, వాటంతటవే మూసుకుంటాయి, నాకు భలే నచ్చాయి. గైడుకి మాత్రం మొహం మాడిపోయింది. అయస్కాంతం పక్కనుంటే బీకన్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. ఫోన్లు, కెమెరా సామాన్లు కూడా సిగ్నల్ పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరం ఉండాలి. నా గుండీలు బీకన్‌ని ఆనుకునే ఉన్నాయి. "ఇవి ఎవరు వేశారు?" అని హిందీలో అడిగి, జవాబు వినకుండానే చాకు తీసి ఎనిమిదీ కోసి తన జేబులో వేసుకున్నాడు. పై వరసలో రెండు జేబులు ఖాళీ చేయించాడు.

తప్పు బాబాయ్‌ది అనలేను. బీకన్ అనేది ఒకటి ఉంటుందని నేనే చెప్పలేదు. ఆ రోజంతా మూతల్లేని జేబుల్లోంచి బ్యాటరీ జారి పడుతుందేమోనని టెన్షన్. రాత్రి గదిలో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన కూర్చుని చొక్కా లోపలి వైపు తడుముతుంటే అంచులో గట్టిగా ఏదో తగిలింది. చిన్న అర. అందులో అట్టముక్కకి చుట్టిన నైలాన్ దారం, లావు సూది, అరగజం నాడా. అడగకుండానే పెట్టేశారు. నాడా ముక్కలు చేసి మూతలకి ముళ్లు కుట్టుకున్నాను. మా అమ్మ చూస్తే నవ్వేది ఆ కుట్టు, కానీ చివరిదాకా ఊడలేదు.

ఐదో రోజు వాతావరణం తెరుచుకుంది. ఎదురు వాలు పైన చీమంత మనిషి. వాకీటాకీలో "మూడు, రెండు, ఒకటి" అని ఇంగ్లీషులో వినపడేలోపు కెమెరాలో బ్యాటరీ 60 శాతం నుంచి ఎర్ర గీతలోకి పడిపోయింది. ఆపమని అరిచాను. మనం తలంబ్రాల మధ్యలో ఆపమంటే ఎలా చూస్తారో, అంత మౌనం వినపడింది అవతల. నాడా లాగి, పొట్ట దగ్గరి వెచ్చటి బ్యాటరీ తీసి వేశాను. అరనిమిషం పట్టిందేమో. ఆ మనిషి దిగాడు, బండ మీద నుంచి ఎగిరాడు, మంచు పొగలోంచి బయటికొచ్చాడు. ఫోకస్ పోలేదు. మంచు బూడిద రంగులో రాకుండా కెమెరాలో వెలుతురు ఒక స్టాప్ (ఒక మెట్టు) ఎక్కువ పెట్టుకున్నది కూడా సరిపోయింది. ఆరిపోయిన బ్యాటరీ ఒంటికి ఆనించి ఉంచితే గంటలో మళ్లీ కొంత కోలుకుంది.

బ్యాగులో ఇంకో మంచి సంగతి, పార, మంచులో కూరుకుపోయిన మనిషిని గుచ్చి వెతికే పొడవాటి కర్ర పెట్టుకునే బయటి అర. ఒక్క లాగుకి తెరుచుకుంటుంది. గైడు రోజూ అరిచి సాధన చేయించేవాడు. మొదటి రోజు నిమిషం పట్టింది, తర్వాత సెకన్ల మీదికొచ్చింది. మందపాటి ప్లాస్టిక్‌తో చుట్టి మూసే సంచి కూడా కుట్టించాను. గదిలోకి వచ్చేముందు కెమెరాని అందులో మూసేస్తే చెమ్మ సంచి మీదే పడుతుంది. వేసవిలో ఏసీ కల్యాణ మండపంలోంచి బయటికి రాగానే లెన్సు చెమర్చడం మనకి తెలిసిందే కదా, అక్కడ లోపలికి వస్తే చెమరుస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. పార అర మూతకి వేసిన వెల్క్రోలో మంచు దూరితే అంటుకోదు. నడుము బెల్టులో స్పాంజి బదులు వేసిన ఫోమ్ పల్చన, రెండో రోజుకే తుంటి ఎముక దగ్గర కమిలింది. ఇస్తానన్న రోజుకి ఇవ్వలేదు, నాలుగు రోజులు తిప్పి ప్రయాణానికి ముందు రాత్రి చేతిలో పెట్టారు. నాకు కుట్టు తెగలేదు, జిప్పు ఆగలేదు కాబట్టి అయిదుకి నాలుగు ఇస్తాను.

తిరిగొచ్చాక ఆ దిగుడు వీడియో ఫోన్లో చూపించాను. మనిషి గాల్లో తిరుగుతుంటే కళ్లార్పకుండా చూసి, "మన బ్యాగు ఏదీ?" అన్నారు. తీసేవాడి భుజాన ఉంది బాబాయ్ అంటే కాస్త నిరాశపడ్డారు. అయస్కాంతాల సంగతి చెప్పాను. నోటు పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

వెళ్లేవాళ్లు అందులో పెట్టబోయే సామాను మొత్తం పట్టుకెళ్లండి. ఆయన టేపు నమ్మరు, వస్తువు పెట్టి చూసే కత్తిరిస్తారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు, మూడు దాకా ఉండరు. ఫోన్‌పే ఉంది, బిల్లు లేదు. నేను నాడాలతో, మందపాటి బెల్టుతో రెండో చొక్కాకి కొలతలిచ్చాను. ఇరవయ్యో తారీఖుకి ఇస్తానన్నారు. ఇరవై నాలుగుకి వెళ్తాను.